పేరు తెలియని పేరంటాలు

ఈ వారం ఉత్తరం కోనసీమ నుంచి వచ్చింది. రాసినావిడ బడిలో టీచరు, యాభైకి దగ్గరపడ్డారు. పేరూ ఊరూ వద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది, అందుకని నా మాటల్లో కుదించి చెబుతున్నాను.

వాళ్ల పుట్టింట్లో ఏ పెళ్లి తలపెట్టినా ముందు పేరంటాలును, అంటే ముత్తైదువగా పోయిన ఇంటి ఆడమనిషిని, పెట్టుకుని కొలవడం ఆచారం. పీటకి పసుపు రాసి, బొట్లు పెట్టి, దాని మీద కొత్త చీర, రవికెల గుడ్డ, మట్టిగాజులు, పూలు ఉంచుతారు. బూరెలు వండి నైవేద్యం పెడతారు. తర్వాత ఆ చీర ఇంటి ఆడపడుచు కట్టుకుంటుంది. ఆ పేరంటాలు నాన్నగారి నాయనమ్మ అని అందరికీ తెలుసు. పేరు మాత్రం ఎవరికీ తెలియదు. "వెనకటి జ్వరాల్లో చంటిపిల్లతో సహా పోయింది" అన్న ఒక్క ముక్కే మిగిలింది. అప్పటికి ఆరేళ్లవాడైన కొడుకు, అంటే ఈవిడ తాతగారు, మేనమామల ఇంట పెరిగారు. సఖినేటిపల్లి దగ్గరి సొంత ఊరు వదిలి, వశిష్ఠ గోదావరి దాటి, నరసాపురం పక్క ఊళ్లో స్థిరపడిపోయారు. బతికున్నన్నాళ్లూ ఆయన దీపావళికి ఒక్క మతాబా కూడా వెలిగించలేదట. "అమ్మ పోయిన పండగ" అనేవారట. ముత్తాత ఏడాది తిరక్కుండా మారు పెళ్లి చేసుకున్నారు. ఊళ్లో ఇల్లూ పొలమూ, పాత కాగితాల ట్రంకు పెట్టె ఆ రెండో ఆవిడ సంతానం దగ్గరే ఉన్నాయి.

2021 మే నెలలో ఈవిడ తమ్ముడు కోవిడ్‌తో ఆసుపత్రిలో పోయాడు. కడసారి ముఖం కూడా చూడనివ్వలేదు. అప్పటి నుంచి ఈ ముత్తవ్వ సంగతి మనసులో తొలుస్తోందని రాశారు. "తమ్ముడి పేరైనా ఒక సర్టిఫికెట్ మీద ఉంది. ఆవిడ పేరు ఎక్కడా లేదు." వెతకడం మొదలుపెట్టగానే చిక్కులు వచ్చాయి. ట్రంకు పెట్టె ఉన్నచోట, వరసకు అన్నయ్య అయ్యే ఆయన, కాగితాలన్నీ 86 వరదలో పోయాయన్నారు. ఆ పెట్టె అటక మీద ఉండగా ఈవిడ కళ్లారా చూశారు. పొలంలో వాటా కోసం వచ్చిందనుకుంటున్నాడేమోనని అనుమానం. ఎనభై ఎనిమిదేళ్ల మేనత్తను కదిపితే, "జ్వరమూ లేదు గిరమూ లేదు, నూతిలో పడింది" అని, మళ్లీ నోరు విప్పలేదు. నాన్నగారికి ఎనభై అయిదు. "పిల్ల పెళ్లి పెట్టుకుని చచ్చిపోయినవాళ్ల కూపీలు ఎందుకే" అని కోప్పడ్డారు. మాఘమాసంలో ఈవిడ కూతురి పెళ్లి. వెతకడం మానేయాలా? ఆవిడ నిజంగా నూతిలో పడి పోయి ఉంటే ఇన్నేళ్లూ పెట్టిన చీరకి అర్థమేమిటి? ఇదీ ప్రశ్న.

అమ్మా, మీ ఉత్తరంలో మూడు విషయాలు ఒకదానికొకటి మెలిపడిపోయాయి. ఆవిడ పేరేమిటి, ఆవిడ ఎలా పోయింది, ఇంట్లోవాళ్లతో తగువు రాకుండా ఈ సంగతులు తెలుసుకోవడం ఎలా. పేరు దొరికే అవకాశం మీరు అనుకుంటున్నదానికంటే ఎక్కువే. ఎలా పోయిందన్నది రుజువుతో సహా దొరికే అవకాశం బాగా తక్కువ. మీ శక్తంతా ఆ రెండోదాని మీదే పెడుతున్నారు. గొడవలన్నీ కూడా అక్కడి నుంచే వస్తున్నాయి.

ముందు జ్వరం సంగతి చూద్దాం. తాతగారు 1912 ప్రాంతంలో పుట్టారని, తల్లి పోయేనాటికి ఆరేళ్లని రాశారు. ఆ లెక్క 1918కి వస్తుంది. బొంబాయి జ్వరం అని పిలిచిన ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది ఆ ఏడాదే. జూన్‌లో బొంబాయి రేవులో మొదలైనప్పుడు మామూలు పడిశెం జ్వరంలాగే వచ్చిపోయింది. సెప్టెంబరు నుంచి రెండోసారి విరుచుకుపడినప్పుడు ఊళ్లకు ఊళ్లు మంచం పట్టాయి. ఆ ఏడే వానలు మొహం చాటేసి, ధరలు మండిపోయాయి. దేశం మొత్తం మీద కోటీ ఇరవై లక్షల మందికి తక్కువ కాకుండా పోయారని చాలా అంచనాలు చెబుతాయి. 1911 నుంచి 1921 లోపల జనాభా పెరగకపోగా తగ్గిపోయింది. జనాభా లెక్కలు మొదలయ్యాక మన దేశంలో అలా తగ్గిన దశాబ్దం అదొక్కటే. ఆ జ్వరం ముసలివాళ్లను, పసివాళ్లను మాత్రమే కాదు, ఇరవై నుంచి నలభై లోపు వయసువాళ్లను ఎక్కువగా పొట్టన పెట్టుకుంది. మన దేశంలో మగవాళ్లకంటే ఆడవాళ్లు ఎక్కువ పోయారు, గర్భిణులకు మరీ ప్రమాదమైంది. చంటిపిల్ల తల్లి కాబట్టి మీ ముత్తవ్వ సరిగ్గా ఆ వయసులోనే ఉండి ఉంటారు.

తాతగారి దీపావళి సంగతి మీరు ఉత్తరం చివర ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాకైతే మొత్తం ఉత్తరంలో అన్నిటికంటే గట్టి ఆధారం అదే. 1918-19కి తెలుగు సంవత్సరం పేరు కాళయుక్తి. ఆ ఏడు విజయదశమి అక్టోబరు 15న వచ్చింది. శిరిడీ సాయిబాబా సమాధి అయిన రోజు అదే కాబట్టి పంచాంగం తియ్యకుండానే గుర్తుంటుంది. దీపావళి నవంబరు మొదటి వారంలో పడింది. జ్వరం ఉధృతంగా ఉన్న రోజులతో ఇది సరిపోతోంది. సరిపోవడం వేరు, రుజువు కావడం వేరు, ఆ తేడా మరిచిపోకండి. తాతగారి జాతకం గానీ, ఆయన తల్లికి తద్దినం పెట్టిన తిథి గానీ నాన్నగారి దగ్గర ఉంటే ఏడాది ఇంకాస్త గట్టిపడుతుంది. జాతకంలో తండ్రి పేరుతోపాటు తల్లి పేరూ రాయించే అలవాటు కొన్ని ఇళ్లలో ఉండేది.

ఇక సర్కారీ కాగితం. 1899లోనే మద్రాసు ప్రభుత్వం జనన మరణాల నమోదుకు చట్టం చేసింది. ఊళ్లో ఎవరు పుట్టినా, పోయినా రాసుకోవడం గ్రామ మునసబు పని. కాబట్టి మీ ముత్తవ్వ చావు ఏదో ఒక రిజిస్టరులో ఎక్కి ఉండాలి. ఎక్కి ఉంటే కారణం దగ్గర కలరా, మశూచి, జ్వరం, విరేచనాలు, ప్రమాదం ఇలాంటి నాలుగైదు పద్దుల్లో ఒకటి ఉంటుంది. ఇన్‌ఫ్లుయెంజా అని మునసబు రాసి ఉంటాడని ఆశపడకండి, రాసేంత వైద్యం ఊళ్లో లేదు. మలేరియాతో పోయినా జ్వరమే, బొంబాయి జ్వరంతో పోయినా జ్వరమే. అయితే నూతిలో పడితే అది జ్వరం పద్దులోకి రాదు. పోలీసులకు కబురు వెళ్లాలి, శవపంచాయితీ జరగాలి. అంటే ఆ రిజిస్టరు దొరికితే మీ మేనత్త మాట నిజమో కాదో కొంత తేలవచ్చు. కొంత అని ఎందుకంటున్నానంటే, పరువు కోసం మునసబును బతిమాలి జ్వరం అని రాయించుకున్న ఇళ్లూ ఉంటాయి కదా. పైగా ఆ రెండు మూడు నెలల్లో రాసేవాళ్లు కూడా మంచాన పడ్డారు, ఎన్నో చావులు అసలు రాతకే ఎక్కలేదు.

అసలు ఆ రిజిస్టర్లు ఇప్పుడెక్కడున్నాయన్నది మరో తలనొప్పి. 1984లో మునసబు, కరణం ఉద్యోగాలు రద్దయ్యాయి. మరుసటి ఏడు తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆ చేతులు మారడంలో కొన్ని మండల కచేరీకి చేరాయి, కొన్ని పాత ఉద్యోగుల ఇళ్లలోనే ఉండిపోయాయి, కొన్ని చెదలకు పోయాయి. తహసీల్దారు కార్యాలయంలో సమాచార హక్కు కింద ఒక అర్జీ పెట్టి చూడండి. పోయేదేమీ లేదు. "1918 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు ఫలానా గ్రామం మరణాల రిజిస్టరు ఉందా, లేకపోతే ఎక్కడికి పంపారు" అని అడగండి చాలు. వంశం కథంతా అందులో రాయొద్దు. రిజిస్టరు దొరికినా ఆవిడ పేరు బదులు ఫలానావారి భార్య అని ఉంటే ఆశ్చర్యపోకండి.

అందుకే పేరు కోసం ఆవిడ పోయిన ఊళ్లో కాదు, పుట్టిన ఊళ్లో వెతకమంటాను. అత్తవారింట కోడలు, ఫలానావారి భార్య. పుట్టింటి కాగితాల్లోనే ఆవిడకి ఒక పేరు ఉంటుంది. గోదావరి జిల్లాల్లో ఆడపిల్లకు పసుపుకుంకుమల కింద అరెకరమో ఎకరమో రాసివ్వడం మీకు తెలిసిన ఆచారమే. తాతగారిని మేనమామలు తీసుకెళ్లి పెంచి, అక్కడే స్థిరపరిచారంటే, తల్లి పేరు మీద అక్కడ కొంత భూమి ఉండేదేమోనని నా అనుమానం. ఉంటే నరసాపురం సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దాని తాలూకు దస్తావేజు నమోదై ఉండాలి. ఆన్‌లైన్‌లో ఈసీ, అంటే ఆస్తి మీద నమోదైన లావాదేవీల పట్టిక, తీస్తే 1983 ముందువి రావు. పాత పేర్ల సూచికలు రుసుము కట్టి చేత్తో వెతికించుకోవాలి. భూముల దస్తావేజులుండే ఒకటో పుస్తకం ఎవరైనా చూడవచ్చు, దానికి మీరు వారసురాలినని రుజువు చూపించనక్కర్లేదు. వీలునామాలుండే మూడో పుస్తకానికి ఆ వెసులుబాటు లేదు. పెళ్లి తాతగారు పుట్టడానికి ముందు పదేళ్లలో జరిగి ఉంటుంది కాబట్టి ఆ ఏళ్లు చూడండి, ఆవిడ తండ్రి ఇంటిపేరుతో. నకలు చేతికొచ్చాక చదవడం ఇంకో యజ్ఞం. గొలుసుకట్టు రాత మన తరానికి అంతుపట్టదు. నరసాపురంలోనో రాజోలులోనో కాస్త వయసు మళ్లిన దస్తావేజు లేఖరిని పట్టుకోండి, కాఫీ తాగేలోపు చదివిపెడతాడు.

ఇంకో చిన్న మాట. 1918లో నరసాపురం కృష్ణా జిల్లాలో ఉండేది. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడ్డాకే జిల్లా మారింది. మీ సొంత ఊరు మాత్రం అప్పుడూ గోదావరి జిల్లాయే. పంటు ఎక్కితే కాసేపట్లో అవతలి ఒడ్డు, కాగితాల లెక్కలో మాత్రం వేరే జిల్లా. ఆ రోజుల జిల్లా దస్త్రాలు కాకినాడలో లేవన్నారని అక్కడితో ఆగిపోకండి, నరసాపురం వైపువి మచిలీపట్నం పేరు మీద ఉండవచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీ స్థాయి దస్త్రాలు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో ఉంటాయి గానీ, అక్కడ మీకు జ్వరం గురించిన నివేదికలు దొరుకుతాయే తప్ప ముత్తవ్వ దొరకరు. డీఎన్‌ఏ పరీక్షల గురించి అడిగారు. దానితో పేరూ తెలియదు, చావుకు కారణమూ తెలియదు. ఆ డబ్బు పెళ్లికి పెట్టుకోండి.

కచేరీలకంటే ముందు తట్టాల్సిన తలుపు ఒకటుంది. మీ నాయనమ్మ, అంటే నాన్నగారి అమ్మ, పోయినప్పుడు పన్నెండో రోజు సపిండీకరణం చేయించి ఉంటారు కదా. ఆడవాళ్ల విషయంలో ఆ రోజు పిండాన్ని అత్తగారి పిండంతో కలుపుతారు. ఆ అత్తగారే మీరు వెతుకుతున్న మనిషి. కర్త మీ నాన్నగారే అయితే పురోహితుడు చెప్పించిన పేరు ఆయన నోటితోనే పలికి ఉంటారు. మర్చిపోయి ఉండవచ్చు, లేదా పేరు తెలియక సవతి అత్తగారి పేరు చెప్పేసి ఉండవచ్చు. అయినా ఆ పురోహితుడి కొడుకునో మనవణ్నో కనుక్కోండి. యజమానుల గోత్రాలు, మూడు తరాల పేర్లు నోటు పుస్తకంలో రాసి ఉంచుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంట్లో ఎవరైనా కాశీ, గయ వెళ్లి ఉంటే అక్కడి పండాల పుస్తకాల్లో కూడా పేర్లు ఎక్కే వీలుంది.

అన్నయ్యగారి పెట్టె విషయంలో మీ ముందు మూడు దార్లు కనబడుతున్నాయి. ఆయన్ని పక్కనబెట్టి సొంత ఊరి దస్తావేజులన్నీ రాజోలు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో వెతికించుకోవచ్చు. హక్కుకు లోటు లేదు. కానీ మీరు ఆఫీసు మెట్లెక్కిన సంగతి సాయంత్రానికల్లా ఊరంతా తెలుస్తుంది, ఆయన అనుమానం రూఢి అవుతుంది, పెట్టె ఇక ఎప్పటికీ దిగదు. పైగా మీరు పేరు కోసం వెళితే వాటా పత్రం ఎదురుకావచ్చు. తాతగారు హక్కు విడుదల రాసిచ్చి వెళ్లారో, అసలు వాటాయే తీసుకోలేదో మీకు తెలియదు. అలాంటిదేదైనా బయటపడితే ఏం చేస్తారో ముందే ఇంట్లో అనుకుని పెట్టుకోండి, చేతికొచ్చాక అనుకోవడం కష్టం. పెట్టె సంగతి పూర్తిగా వదిలేయడం రెండో దారి. నరసాపురం వైపు పని అయిపోతే దాని అవసరమే రాకపోవచ్చు, అప్పుడు ఇదేమంత నష్టం కాదు. మూడోది, శుభలేఖ పట్టుకుని నేరుగా వెళ్లడం. "అన్నయ్యా, పొలం కాగితం ఒక్కటి కూడా నాకు వద్దు, పేరంటాలు పేరు కావాలి, పెట్టె నువ్వే తియ్యి, నువ్వే చూడు, నేను పక్కన కూర్చుంటాను" అనండి. నాకు ఇదే నచ్చింది. ఆయన కాదన్నా మీకు పోయిందేమీ లేదు, పెళ్లి పిలుపు ఎలాగూ ఇవ్వాల్సిందే. వాటా భయం మరీ ఎక్కువగా ఉంటే ఆయన నమ్మే పెద్దమనిషి ఒకరిని కూర్చోబెట్టుకోండి.

ఆయన మాటను అబద్ధమని తీసిపారేయకండి కూడా. 86 ఆగస్టు వరదలో కోనసీమ లంకలు మునిగాయి, పదేళ్లకి 96 నవంబరులో తుపాను. పెట్టె మిగిలినా లోపల కాగితాలు అట్ట కట్టేసి ఉండవచ్చు. అలాంటి కట్ట కనిపిస్తే గోటితో విడదీయకండి. నీడలో ఆరనిచ్చి, విడిపోయినంతవరకే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. దయచేసి లామినేషన్ చేయించొద్దు. మన ఇళ్లలో పాత దస్తావేజుల్ని చెదలకంటే ఎక్కువగా పాడుచేసింది ఆ ప్లాస్టిక్కే.

ఇప్పుడు నుయ్యి సంగతి. ఆ జ్వరం తీవ్రమైనవాళ్లకు ఒళ్లు తెలియని సంధి కమ్మేదని ఆనాటి వైద్యులు రాశారు. జ్వరంలో లేచి వెళ్లిన మనిషి నూతిలో పడిందంటే ఇంట్లో చెప్పుకునే మాటా నిజమే, మీ మేనత్త మాటా నిజమే అవుతుంది. అలా జరగవచ్చు, అంతే. రెండు కథలూ అతుకుతున్నాయి కదా అని దాన్నే నిజమని ఖాయం చేసుకోకండి. చంటిపిల్ల పోయిన దుఃఖంలో తనే దూకి ఉండవచ్చు, అత్తింట్లో ఇంకేదో జరిగి ఉండవచ్చు, మీ మేనత్త మరో ఇంటి మనిషి కథ ఈవిడకి అంటగట్టి ఉండవచ్చు.

చీరకి అర్థమేమిటని అడిగారు. పేరంటాలుగా పెట్టుకోవడానికి ఆవిడ ముత్తైదువగా పోవడమే కారణం, ఏ జబ్బుతో పోయిందన్నది కాదు. మన కోస్తా ఊళ్లలో గుళ్లు కట్టుకున్న పేరంటాళ్లలో నూతిలోనో, చెరువులోనో, నిప్పులోనో పోయినవాళ్లు ఎందరో. అర్ధాంతరంగా పోయారనే పెట్టుకున్నారు. భాద్రపద బహుళంలో అవిధవ నవమి కూడా అలాంటివాళ్ల కోసమే, అందులోనూ చావు ఎలా వచ్చిందని అడగరు. కాబట్టి మాఘంలో చీర పెట్టండి, నూతి కథ నిజమైనా పెట్టండి. పెళ్లివారికి చెప్పాలా అన్న టెన్షన్ అనవసరం. నూరేళ్ల కిందట పోయిన మనిషి గురించి వియ్యాలవారికి సంజాయిషీ ఇచ్చుకునే పని లేదు.

నాన్నగారి కోపం వేరే సంగతి. ఆయన కొడుకును పోగొట్టుకున్న మనిషి. మీరు ముత్తవ్వ చావు గురించి అడిగిన ప్రతిసారీ ఆయనకు వినబడేది 2021 మే కావచ్చు. మీరు తమ్ముడి గురించి ఉత్తరంలో నాలుగు వాక్యాలే రాశారు, ముత్తవ్వ గురించి మిగతాదంతా. ఆ నెలలో ఏ రోజు ఏం జరిగిందో, ఎవరు ఫోన్ చేశారో, వాడు చివర ఏం మాట్లాడాడో మీరు గానీ మరదలు గానీ ఎక్కడైనా రాసి పెట్టారా? లేకపోతే ముందు ఆ పని చేయండి. నాన్నగారిని చావుల గురించి అడగడం పెళ్లయ్యేదాకా ఆపేసి, పన్నెండో రోజు చెప్పించిన పేరు ఒక్కటి అడగండి. అది కర్మకాండ ప్రశ్న, ఇంటి పెద్దగా ఆయన జవాబు చెప్పదగ్గది.

రిజిస్ట్రారు ఆఫీసు, తహసీల్దారు అర్జీ పెళ్లి తర్వాతకు వాయిదా వేసినా నష్టం లేదు. మేనత్తగారి దగ్గరికి మాత్రం ఈ ఆదివారమే వెళ్లండి, ఎనభై ఎనిమిదేళ్ల మనిషితో వాయిదాలు పనికిరావు. నుయ్యి మాట ఎత్తొద్దు. ఆవిడ తండ్రి, మీ తాతగారు, మేనమామల ఇంట్లో ఎలా పెరిగారో అడగండి, అమ్మమ్మ ఆయన్ని ఏమని పిలిచేదో, దీపావళి రోజు ఏం చేసేవారో అడగండి. మాటల్లో ఆవిడే నుయ్యి దాకా వస్తే అప్పుడు ఒక్క ప్రశ్న వేయండి, "అత్తా, ఈ మాట నీకు ఎవరు చెప్పారు?" అని. తాతగారే చెప్పారంటే ఒక విలువ, చుట్టాలమ్మ ఎవరో అన్నదంటే ఇంకో విలువ. ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చా అని మాత్రం ముందే అడగండి. వద్దంటే ఫోన్ సంచిలో పెట్టేసి, ఇంటికొచ్చాక ఆ రాత్రే రాసుకోండి.